పద్మిని దారిలో ఎందుకు ఆగిపోయేదంటే

ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న ప్రీమియర్ పద్మిని కారు, 1089 సీసీ. చక్కగా స్టార్టయ్యేది, కాస్త దూరం వెళ్లాక దగ్గి ఆగిపోయేది. కాసేపాగితే మళ్లీ నడిచేది. పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బ్యురేటర్ మార్చేయమన్నాడు మెకానిక్. నాకు నమ్మకం కుదరలేదు.

ఆగిన వెంటనే ట్యాంక్ మూత తీశాను. గాలి పీల్చిన చప్పుడు లేదు, అంటే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోలేదు. తర్వాత నిప్పురవ్వ రాకుండా కాయిల్ వైరు తీసేసి, కార్బ్యురేటర్‌కి వెళ్లే పైపును సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించాను. పెట్రోల్ చుక్కలుగా పడింది. ట్యాంకు నుంచి పెట్రోల్ లాగే పంపుకి విడిగా క్యాన్ నుంచి అందిస్తే మాత్రం జోరుగా వచ్చింది. పంపు బాగానే ఉంది, అడ్డం ట్యాంకు వైపే!

ట్యాంకు దింపి చూస్తే అడుగంతా తుప్పు పొడి. ఇంజిన్ పెట్రోల్ లాగినప్పుడు ఆ పొడే పైపు మూతికి చేరుతోంది, ఆగితే కిందికి జారుతోంది. పెట్రోల్ వంపేసి బాగా కడిగి, వెనిగర్ పోసి, గుప్పెడు నట్లు వేసి ఊపాను. రాత్రంతా నానబెట్టి, వంటసోడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాను. (ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగ్ దగ్గరికి తీసుకెళ్లకండి, లోపలి ఆవిరి పేలుతుంది.)

ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరును తినేస్తుంది కాబట్టి పైపులన్నీ కొత్తవి వేసి, పంపు ముందు చిన్న ఫిల్టర్ పెట్టాను. బండి ఇప్పుడు ఆగడం లేదు. ఫిల్టర్‌లో ఇంకా కాస్త ఎర్రపొడి కనిపిస్తోంది, త్వరలో మార్చాలి.