రెజిన్ నందికి నల్లరాతి రూపు

నల్లరాతి శిల్పాన్ని దగ్గర నుంచి చూస్తే, నునుపు పట్టిన చోటే నలుపు కనిపిస్తుంది. ఉలి దెబ్బ పడిన చోటల్లా బూడిద రంగే. రెజిన్ బొమ్మ దొరికిపోయేది అక్కడే: ఒళ్లంతా ఒకటే నలుపు, ఒకటే మెరుపు. రంగు డబ్బాతో దీన్ని సరిచేయలేం. రాతిపొడి దండిగా కలిపి పోసి, పైపొరను గీకి, కావలసిన చోట మాత్రమే మెరుగు పెట్టాలి.

కిలో బరువు తూగే నందికి పాలిస్టర్ రెజిన్ 450 గ్రాములు, డోలమైట్ లేదా మార్బుల్ పొడి 550, నల్ల ఐరన్ ఆక్సైడ్ 20 గ్రాములు తీసుకోండి. కార్బన్ బ్లాక్ వద్దు, అది రెజిన్‌ను త్వరగా గట్టిపడనివ్వదు. రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్ట్ ద్రావణం ముందే కలిపిన రెజిన్ అడిగి కొనండి. విడిగా కొన్నారా, కోబాల్ట్‌నూ, రెజిన్‌ను గట్టిపరిచే హార్డనర్‌నూ ఎప్పుడూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకండి. భగ్గుమంటుంది, పేలవచ్చు కూడా. కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డనర్. రెజిన్ వాసనకు మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు. ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకొని ఆరుబయట పని చేయండి.

పొడిని జల్లించి ఎండలో బాగా ఆరబెట్టాలి. వానాకాలంలో బొమ్మ జిగటగా ఉండిపోవడానికి చాలాసార్లు పొడిలోని చెమ్మే కారణం. హార్డనర్ లెక్క రెజిన్ బరువు మీదే, మొత్తం మిశ్రమం మీద కాదు: ఒకటిన్నర శాతం, అంటే దాదాపు 7 గ్రాములు. మే నెల ఎండల్లో 4.5 గ్రాములు చాలు. ఎక్కువైతే లోపల వేడి పుట్టి మూపురం దగ్గర పగులుతుంది.

ముందు రెజిన్‌లో రంగు, ఆ తర్వాత పొడి, చివర్లో హార్డనర్. కర్రతో నెమ్మదిగా కలపండి, చిలికితే గాలి చేరుతుంది. సిలికాన్ అచ్చులో ముందుగా కుంచెతో పలుచగా ఒక పూత వేసి, మెడలోని గంటల పట్టెడ, ముక్కుపుటాల సందుల్లోకి పోనివ్వండి. బుడగలు మిగిలేది అక్కడే. మిగతాది ఒక మూల నుంచి సన్నని ధారగా పోసి, అచ్చును బల్ల మీద తట్టండి. ఇదంతా పది నిమిషాల్లో అయిపోవాలి. గాలి తగిలిన అడుగుభాగం కాస్త జిగటగా ఉంటుంది, దాన్ని గీకేస్తే సరి.

వేడి పూర్తిగా తగ్గాక అచ్చు విప్పండి, మర్నాడు గీకుడు మొదలుపెట్టండి. 220 నంబరు వాటర్ పేపర్‌తో (నీటిలో తడిపి వాడే గరుకు కాగితం) తడి చేస్తూ రుద్దితే మెరిసే రెజిన్ పొర పోయి, లోపలి పొడి బూడిద రంగులో బయటపడుతుంది. ఒళ్లంతా ఇలా చేయండి. సందుల్లో పేపర్ దూరకపోతే ఇత్తడి బ్రష్ వాడండి. ఆ తర్వాత మూపురం, నుదురు, మూతి మాత్రమే 400, 800, 1000 నంబర్లతో వరసగా నున్నగా చేసి, రెండు చుక్కల కొబ్బరినూనె రుద్దండి. గుళ్లో భక్తుల చేతులు తగిలేది అక్కడే కదా, అక్కడే నలుపు తేలాలి. పట్టెడ సందుల్లో నూనె పడనివ్వకండి.

ఇంత చేసినా ప్లాస్టిక్‌లా కనిపిస్తే, అసలు లోపం అచ్చు తీసిన మూల బొమ్మలోనే ఉంటుంది. మట్టి బొమ్మ మరీ నున్నగా ఉంటే రెజిన్‌కీ ఉలి గాట్లు రావు. మట్టి పూర్తిగా ఆరకముందే పీఠం మీద మొద్దు మేకుతో, ఒకే వాలులో, దగ్గరదగ్గరగా పొడిచి మళ్లీ అచ్చు తీయండి.