కోల్‌కతా డెర్బీని హైదరాబాద్ గుమ్మంలోంచి చూడడం ఎలా

మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ క్లబ్బులు రెండూ కోల్‌కతావే. ఒకే ఊరి జట్ల మధ్య వందేళ్లుగా సాగుతున్న, డెర్బీ అని పిలిచే ఈ దాయాదుల పోరును కొత్తగా చూడదలచినవారు సాధారణంగా క్లబ్బులు పుట్టిన సంవత్సరాలతో మొదలుపెట్టి, గెలుపోటముల పట్టికలతో విసిగిపోయి, రెండో మ్యాచ్ నాటికే వదిలేస్తారు. హైదరాబాద్‌లో ఉన్నవారికి అంతకంటే దగ్గరి దారి ఒకటుంది. ఈ పోరులో రెండు వైపులా మన ఊరి ఆటగాళ్లు ఆడారు, గోల్స్ కొట్టారు, ఒక గూటి నుంచి మరో గూటికి మారారు. ముందు వారి పేర్లు పట్టుకుని లోపలికి వెళ్లి, మిగిలిన చరిత్రను ఆ తర్వాత నింపుకోవడం మేలు.

ఒక నోటుపుస్తకం తీసుకుని పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మోహన్ బగాన్ అనీ, కుడివైపు ఈస్ట్ బెంగాల్ అనీ రాసుకోండి. మొదటి పేరు కుడివైపు రాయాలి: తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన ఈయన 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి 1963 దాకా అక్కడే ఆడారు. ఆయనకు ఎదురుగా, ఎడమవైపు, చుని గోస్వామి పేరు రాయండి. ఆయన హైదరాబాదీ కాదు, జీవితమంతా మోహన్ బగాన్‌కే ఆడిన బెంగాలీ. అయినా ఆ పేరు అక్కడ ఎందుకుండాలంటే, కోల్‌కతాలో ప్రత్యర్థులుగా తలపడిన వీరిద్దరూ భారత జట్టులో పక్కపక్కన ఆడి, 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించిన జట్టులో ఉన్నారు. ఆ జట్టుకు చుని కెప్టెన్, కోచ్ మాత్రం మన సయ్యద్ అబ్దుల్ రహీం.

తర్వాతి పేరు గీతకు ఏ వైపు రాయాలో తెలియక చెయ్యి ఆగిపోతుంది. మహమ్మద్ హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు, 1968లో మోహన్ బగాన్‌కు మారారు, 1970లో తిరిగి ఈస్ట్ బెంగాల్‌కు వచ్చారు, 1975లో మూడో పెద్ద క్లబ్బు మహమ్మదన్ స్పోర్టింగ్‌కు వెళ్లారు, 1976లో మళ్లీ మోహన్ బగాన్ జెర్సీ తొడుక్కున్నారు, ఆ తర్వాత కూడా ఈ తిరుగుడు ఆగలేదు. కోల్‌కతా ఆయనను ‘బడే మియా’ అని పిలుచుకుంది. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌పై మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకున్నప్పుడు ఒక గోల్ ఆయనదే. 2023లో ఆగస్టు 15న ఆయన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. మోహన్ బగాన్ 1889లో పుట్టిన తేదీ కూడా ఆగస్టు 15 కావడం యాదృచ్ఛికమే అయినా, నోటుపుస్తకం అంచున రాసుకోదగ్గది. హబీబ్ పేరును గీత మీదే రాయమని నా సలహా.

ఆయన తమ్ముడు మహమ్మద్ అక్బర్ పేరు పక్కన ఒక అంకె తప్పకుండా ఉండాలి: 17. 1976 కలకత్తా లీగ్ డెర్బీలో మోహన్ బగాన్ తరఫున ఆయన ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టారు. అంతకుముందు 1970 నుంచి 1975 వరకు వరుసగా ఆరు సార్లు లీగ్‌ను ఈస్ట్ బెంగాలే గెలుచుకుంది. ఆ వరుస 1976లో తెగింది. ఈ పదిహేడు సెకన్లు ఎంతో తెలుసుకోవాలంటే, మ్యాచ్ మొదలవగానే చాయ్ కప్పు చేతిలోకి తీసుకుని ఊది, మొదటి గుక్క తాగి చూడండి. సయ్యద్ నయీముద్దీన్ పేరు కూడా గీత మీదికే వెళ్తుంది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ అయిన ఈ హైదరాబాదీ డిఫెండర్ రెండు క్లబ్బులకూ ఆడడమే కాక, రెంటికీ కోచ్‌గా కూడా పనిచేశారు.

ఇంతమంది ఇక్కడి నుంచి ఎందుకు వెళ్లారన్న ప్రశ్నకు జవాబు రహీం దగ్గర దొరుకుతుంది. 1943 నుంచి 1963లో మరణించే వరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్న ఆయన, బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలన్న నియమంతో కుర్రవాళ్లకు పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేయకుండా పాస్‌లతోనే ఆడాలన్న పోటీలు కూడా పెట్టేవారు. ఆ పెంపకంలో తయారైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది, 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. రెండు కాళ్లతోనూ ఆడగలిగి, బంతిని అట్టే పెట్టుకోకుండా వదిలే ఆటగాళ్లను కోల్‌కతా క్లబ్బులు వెతుక్కుంటూ రావడంలో వింతేమీ లేదు.

ఇక్కడ ఒక పిట్టకథ. 1949 నుంచి 1953 వరకు ఈస్ట్ బెంగాల్ ముందు వరుసలో ఆడిన అయిదుగురిని అక్కడివారు ‘పంచపాండవులు’ అని పిలిచారు: అహ్మద్ ఖాన్, సాలే, ధనరాజ్, వెంకటేశ్, అప్పారావు. ఆ చివరి పేరు వినగానే మన చెవులు నిక్కబొడుచుకోవడం సహజం. అయిదుగురిలో ఒక్కరూ బెంగాలీ కారు. ‘మట్టి అభిమానం’ అని ఈ డెర్బీ గురించి ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే, ఈ పేర్లు వరుసగా చదివి వినిపించండి.

పేర్ల పని అయ్యాక చేపల పని చూడాలి. మోహన్ బగాన్ వైపు ఘోటీలు, అంటే పశ్చిమ బెంగాల్ పాతకాపులు, వారి గుర్తు రొయ్య. ఈస్ట్ బెంగాల్ వైపు బంగాళ్లు, అంటే తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు, వారి గుర్తు ఇలిష్. ఇలిష్ అంటే మనకు కొత్తేమీ కాదు. గోదావరికి ఎదురీది వచ్చే పులస, బెంగాలీల ఇలిష్ ఒకే జాతి చేప. పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న మాట ఉన్న భాషలో పుట్టినవారికి, గెలిచిన రోజు ఇలిష్ ఎంత ధరైనా కొనే అభిమానిని అర్థం చేసుకోవడానికి వేరే పాఠం అక్కర్లేదు.

ఈ చేపల సంగతి నేను ఇంట్లోనే నేర్చుకున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉండే బెంగాలీ ఆయనను మేమందరం దాదా అంటాం. ఒక డెర్బీ సాయంత్రం ఆయనను మా ఇంటికి పిలిచి, మర్యాదగా ఉంటుందని రొయ్యల వేపుడు చేయించాను. ఆయన ఎరుపు, పసుపు చారల పాత మఫ్లర్ మెడకు చుట్టుకుని దివాన్ అంచున కూర్చున్నారు. ప్లేటు ముందు పెట్టగానే దాన్ని రెండు వేళ్లతో, ముట్టుకుంటే కాలుతుందన్నట్లు, బల్ల అవతలి చివరికి జరిపారు. “మ్యాచ్ అయ్యాక తింటానండీ” అన్నారు. అయ్యాక నిజంగానే తిన్నారు, చల్లారిన వేపుడును రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నారు. అతిథి ఏ క్లబ్బో ముందుగా కనుక్కోండి, లేదా మిర్చి బజ్జీలతో సరిపెట్టండి.

చరిత్రలో ఒక పొరపాటును మొదట్లోనే దిద్దుకోవాలి. ఈస్ట్ బెంగాల్ దేశ విభజన తర్వాత కాందిశీకులు పెట్టుకున్న క్లబ్బు అని చాలామంది అనుకుంటారు. అది 1920 ఆగస్టు 1న పుట్టింది. అంతకు కొద్ది రోజుల ముందు, జులై 28న, కూచ్ బెహార్ కప్‌లో మోహన్ బగాన్‌తో ఆడిన జొరాబగాన్ క్లబ్బు, శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి జట్టులోంచి తప్పించింది. తూర్పు బెంగాల్ వాడైనందుకే తప్పించారని మండిపడి, ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి బయటికి వచ్చి కొత్త క్లబ్బు పెట్టారు. 1947 తర్వాత వచ్చిపడిన లక్షలాది మందికి ఆ క్లబ్బు ఆసరా అయింది, దాంతో పోరు ముదిరింది. మోహన్ బగాన్ వైపు గర్వానికి మూలం మరొకటి: 1911 జులై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించడం.

పాత మ్యాచ్‌లన్నీ చదవనక్కర్లేదు, మూడు చాలు. 1925 మే 28న లీగ్‌లో జరిగిన తొలి అధికారిక డెర్బీలో నేపాల్ చక్రవర్తి గోల్‌తో ఈస్ట్ బెంగాల్ 1-0తో గెలిచింది, దాన్ని తేదీ కోసం రాసుకోండి. 1975 సెప్టెంబర్ 30న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో గెలిచింది, ఆ అంకె నేటికీ ఎగతాళికి పనికొస్తోంది. ఎక్కువ సమయం కేటాయించవలసింది మాత్రం 1997 జులై 13 నాటి ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా తన ‘డైమండ్’ వ్యూహంతో వరుస విజయాలు సాధిస్తుండగా, ఈస్ట్ బెంగాల్ కోచ్ పి.కె. బెనర్జీ దానికి విరుగుడు వెతికారు. సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్ఫై వేలకు పైగా జనం చూస్తుండగా బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఆ గోల్స్ వీడియో చూసేటప్పుడు బంతిని కాకుండా, మోహన్ బగాన్ ఆటగాళ్లు ముందుకు వెళ్లాక వారి వెనుక మిగిలిన ఖాళీని చూడండి. ఇదే పి.కె. 1975 నాటి 5-0 జట్టుకూ కోచ్ కావడం, ఆ మరుసటి ఏడాదే మోహన్ బగాన్‌కు వెళ్లడం మీ గీత మీద ఇంకో పేరు చేరుస్తాయి.

ఎవరెన్ని గెలిచారన్న లెక్క దగ్గర జాగ్రత్తపడాలి. స్నేహపూర్వక మ్యాచ్‌లను కలుపుతారా, మధ్యలో ఆగినవాటిని ఏం చేస్తారు, పెనాల్టీ షూటౌట్‌ను డ్రాగా రాస్తారా అన్నదాన్ని బట్టి రెండు పక్షాలవారూ వేర్వేరు అంకెలు చెబుతారు. 2012 డిసెంబర్ 9న స్టాండ్ నుంచి వచ్చిన రాయి తమ ఆటగాడు రహీం నబీకి తగలడంతో మోహన్ బగాన్ రెండో సగం ఆడేందుకు రాలేదు. ఆ మ్యాచ్‌ను మీ పట్టికలో ఎలా రాయాలో మీరే నిర్ణయించుకుని, ఆ నియమాన్ని పేజీ పైన రాసి పెట్టుకోండి. పాత స్కోర్లు వెతికేటప్పుడు పేర్లు మారుతుంటాయని గుర్తుంచుకోవాలి: 2020 నుంచి 2023 దాకా ఏటీకే మోహన్ బగాన్, ఆ తర్వాత మోహన్ బగాన్ సూపర్ జెయింట్, అటువైపు 2020 నుంచి 2022 దాకా ఎస్‌సీ ఈస్ట్ బెంగాల్.

మ్యాచ్ రోజున టీవీ ముందు గంట ముందే కూర్చోండి. తుది జట్టు పేర్లు అప్పుడే వస్తాయి. డెర్బీలో మొదటి పావుగంట అందంగా ఉండదు. ఓడకూడదన్న భయంతో వెనుక అంచుల్లో ఆడే డిఫెండర్లు ముందుకు కదలరు, మిడ్‌ఫీల్డ్ కిక్కిరిసిపోతుంది, బంతి గాలిలో ఎక్కువగా ఉంటుంది. ఒక్క ఆటగాణ్ణి ఎంచుకుని, బంతి అతని దగ్గర లేనప్పుడు అతనేం చేస్తున్నాడో చూడండి. తలపడిన ఇద్దరి నుంచి ఎగిరిపడ్డ బంతిని ఎవరు ముందుగా అందుకుంటున్నారో లెక్కపెడితే, గోల్ పడకముందే ఆట ఎటు మొగ్గుతోందో తెలుస్తుంది. ఇంట్లో ఒక పెద్దాయన ఉంటే ఇంకా మంచిది. బార్కస్‌లోనో, బొల్లారం వైపో పెరిగి, ఫతే మైదాన్‌ను ఇంకా ఆ పేరుతోనే పిలిచే పెద్దవారు ఆటగాడు బంతిని ఏ కాలితో ఆపాడో మనకంటే ముందు గమనిస్తారు.

స్టేడియానికే వెళ్లాలనుకునేవారు 1980 ఆగస్టు 16ను మరచిపోరాదు. ఆనాడు ఈడెన్ గార్డెన్స్ డెర్బీలో చెలరేగిన గొడవలో 16 మంది ప్రాణాలు కోల్పోయారు. అందువల్ల టికెట్ ఏ పక్షపు స్టాండ్‌దో చూసి కొనండి, ఆ స్టాండ్‌లో ఎదుటి పక్షం రంగు చొక్కా వేసుకోకండి: ఆకుపచ్చ, ముదురు ఎరుపు మోహన్ బగాన్‌వి, ఎరుపు, బంగారు రంగు ఈస్ట్ బెంగాల్‌వి. తెల్ల చొక్కా అన్నింటికంటే క్షేమం. ఇదే జనం 2024 ఆగస్టు 18న, ఆర్‌జీ కర్ ఆసుపత్రి దారుణంపై జరుగుతున్న నిరసనల మధ్య డ్యూరాండ్ కప్ డెర్బీ రద్దయినప్పుడు, రెండు రంగుల జెర్సీలతో సాల్ట్ లేక్ స్టేడియం బయట కలిసి నినదించారు.

ప్రయాణం విషయానికొస్తే, సికింద్రాబాద్‌లో ఎక్కిన ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మరునాటి సాయంత్రానికి హౌరా చేరుతుంది. రైలు గంట ఆలస్యమైతే తొలి సగం పోయినట్లే కాబట్టి మ్యాచ్ రోజునే చేరేలా కాక, ముందురోజుకే చేరేలా టికెట్ తీసుకోండి. హౌరా నుంచి గ్రీన్ లైన్ మెట్రో నేరుగా సాల్ట్ లేక్ స్టేడియం స్టేషన్‌కు వెళ్తుంది. తిరుగు రైలు ఉదయం ఉంటుంది గనుక ఆ రాత్రి బస హౌరా వైపు చూసుకోండి. మ్యాచ్ అయ్యాక గేటు దగ్గర తోసుకోకుండా ఓ అరగంట స్టాండ్‌లోనే కూర్చుని, జేబులోంచి నోటుపుస్తకం తీసి, ఆ రోజు తేదీ, టోర్నీ పేరు, స్కోరు, గోల్ కొట్టినవారి పేర్లు గీతకు అటూ ఇటూ రాసుకోవచ్చు.