బంకులో పెట్రోలు డెన్సిటీ మీరే చూసుకోవాలంటే

సింగరాయకొండ దగ్గర హైవే మీద బంకులో పనిచేస్తాను. ఎండాకాలంలో తరచూ వచ్చే తగువు ఒకటుంది: "బోర్డు మీద 745 అని రాశారు, జారులో 727 చూపిస్తోంది. ఏం కలిపారు?" ఏమీ కలపలేదు సార్. బోర్డు మీద అంకె డెన్సిటీ, అంటే లీటరు పెట్రోలు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క, అదీ 15 డిగ్రీల దగ్గర. మన ఒంగోలు వైపు మధ్యాహ్నం పూట 15 డిగ్రీలు ఏ నెలలో చూశారు?

వేడెక్కితే పెట్రోలు అణువులు జోరుగా కదులుతాయి, ఒకదాన్నొకటి నెట్టుకుని ఎడంగా జరుగుతాయి. అందుకే అదే లీటరులో సరుకు తగ్గుతుంది. పెట్రోలుకి డిగ్రీకి సుమారు 0.9 పాయింట్లు (పాయింటంటే లీటరుకి ఒక గ్రాము), డీజిల్‌కి 0.7 పడిపోతాయి.

డెన్సిటీ చూపించమని అడగడం మీ హక్కు, మొహమాటపడొద్దు. ముందు నాజిల్ నుంచి కాస్త డబ్బాలోకి వదిలించండి. తర్వాత 500 మిల్లీలీటర్ల గాజు జారులోకి గోడ వెంబడి, నురగ రాకుండా పోయించండి. జారు నీడలో, గాలి తగలని చోట, మట్టంగా ఉండాలి. హైడ్రోమీటర్‌ని, అంటే డెన్సిటీ చూపే అంకెలున్న తేలే గాజు గొట్టాన్ని, వదిలేయకుండా మెల్లగా దించాలి. అది గోడకి ఆనకుండా తేలి, ఊగడం ఆగాక కన్ను పెట్రోలు మట్టానికి తెచ్చి అంకె చదవండి. పైనుంచి వంగి చూస్తే ఒకటి రెండు పాయింట్లు తేడా వస్తుంది, సగం గొడవలు అక్కడే. అప్పుడే థర్మామీటర్ కూడా చూడండి, ఆలస్యమైతే జారు వేడెక్కిపోతుంది. రెండు అంకెలూ పట్టుకుని బంకులో ఉండే చార్టు చూస్తే 15 డిగ్రీల డెన్సిటీ తెలుస్తుంది. 35 డిగ్రీల దగ్గర 727 వచ్చిందంటే అది 745కి సరిపోయినట్టే. బోర్డు అంకెకి 3 పాయింట్లు దాటి తేడా ఉంటేనే నిలదీయండి. నూటికి పది పాళ్లు కిరోసిన్ కలిపినా అయిదారు పాయింట్లు పెరుగుతుంది.

ట్యాంకు అడుగున ఒత్తిడికి పెట్రోలు చిక్కబడదా అని ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. టైరులో గాలి నొక్కినకొద్దీ దగ్గరపడుతుంది, అణువుల మధ్య బోలెడు ఖాళీ కాబట్టి. ద్రవంలో అవి ముందే ఒరుసుకుని ఉంటాయి. ఒక వాతావరణ పీడనం అదనంగా పడినా పెట్రోలు తగ్గేది పదివేలలో ఒక వంతు. రెండు మూడు మీటర్ల ట్యాంకులో అంత ఒత్తిడి కూడా రాదు.

తెల్లవారుజామున కొట్టిస్తే ఎక్కువ వస్తుందని వచ్చేవాళ్లూ ఉన్నారు. ట్యాంకు భూమిలో ఉంటుంది, రాత్రికీ పగటికీ పెద్దగా మారదు. ఒక డిగ్రీ మారిందనుకున్నా పది లీటర్లకి 12 మిల్లీలీటర్లు. దానికోసం నిద్ర పాడుచేసుకోకండి.

డెన్సిటీ సరిపోయినా అనుమానం తీరకపోతే ఫిల్టర్ పేపర్ అడగండి. నాజిల్ మూతి తుడిచి ఒక్క చుక్క వేయించండి. రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి.