అమెరికా వెళ్తున్న అమ్మానాన్నలకు ఫోను, పోస్టు సంగతులు

వీసా, టికెట్లు, ఇన్సూరెన్స్, ఆవకాయ ప్యాకింగ్ అన్నీ నెల ముందు నుంచే చూసుకుంటాం గానీ ఫోను సంగతి మాత్రం శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్లే కారులో గుర్తొస్తుంది. అక్కడ పిల్లలు చూసుకుంటారులే అని వదిలేస్తాం. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అదే చేశాను. దిగిన పదో రోజున బ్యాంకు పని పడి యాప్ తెరిస్తే ఓటీపీ అడిగింది, నా నంబరుకి రోమింగ్ లేదు కాబట్టి అది రాలేదు, సరే రోమింగ్ పెట్టమందామని సిమ్ కంపెనీకి ఫోన్ చేయిస్తే "మీ నంబరుకి ఓటీపీ పంపాం, చెప్పండి" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడ పిల్లలు అన్నీ అమర్చిపెడతారు గానీ మన ఇండియా నంబరు మాత్రం ఇక్కడ ఉండగానే మనమే చూసుకోవాలి.

ముందుగా ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి. రోమింగ్ సర్వీసు వేరు, రోమింగ్ ప్యాక్ వేరు. ప్యాక్ అంటే కాల్స్, డేటా కొనుక్కోవడం, అది ఖరీదు. మనకి కావలసింది ఎస్సెమ్మెస్‌లు రావడం, దానికి మామూలుగా సర్వీసు ఆన్‌లో ఉంటే సరిపోతుంది, వచ్చే ఎస్సెమ్మెస్‌కి డబ్బులు కూడా సాధారణంగా పట్టరు, అయినా మీ ప్లాన్‌లో ఎలా ఉందో స్టోరుకి వెళ్లి ఒకసారి అడగండి. ప్రీపెయిడ్ అయితే మీరుండే నెలలన్నిటికీ సరిపడా వ్యాలిడిటీ వేయించుకోవాలి. ఆరు నెలలకు వెళ్తుంటే ఏడాది రీఛార్జ్ చేసుకుని నిశ్చింతగా ఉండటం మేలు. నంబరు ఆగిపోయి ఇంకొకరికి వెళ్లిందంటే బ్యాంకు, ఆధార్, గ్యాసు అన్నీ దానికే కట్టి ఉంటాయి, ఆ టెన్షన్ పడలేం.

విమానం ఎక్కే ముందు సెట్టింగ్స్‌లో ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆపేయండి. కాల్ ఫార్వర్డింగ్ ఏమైనా ఉంటే ##002# కొట్టి తీసేయండి, లేకపోతే మీరు ఎత్తని కాల్స్‌కి కూడా బిల్లు పడొచ్చు. ఇండియా సిమ్‌కి కాల్ వస్తే ఎత్తకండి, వాట్సాప్‌లో తిరిగి చేయండి. వాట్సాప్‌ని పాత నంబరు మీదే ఉంచుకోండి. అమెరికా సిమ్ వేసినప్పుడు నంబరు మార్చాలా అని వాట్సాప్ అడిగితే వద్దనండి.

ఇక అందరూ దెబ్బతినేది ఇక్కడ. "నాన్నా, కొత్త ఐఫోన్ తీసుకో" అని పిల్లలు ప్రేమగా కొనిస్తారు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ పెట్టే ట్రేనే లేదు, అంతా ఈసిమ్, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోనులోనే ఉండే డిజిటల్ సిమ్. మన ప్లాస్టిక్ సిమ్ అందులో పట్టదు. అలాంటి ఫోను తీసుకునే ఆలోచన ఉంటే మీ నంబరుని ఈసిమ్‌గా మార్చే పద్ధతి ఇక్కడే కనుక్కోండి. యూపీఐని కూడా అక్కడ కొత్త ఫోనులోకి మార్చకండి, అది మీ సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి నమోదు చేసుకుంటుంది, విదేశంలో అది సరిగా వెళ్లక ఉన్నదీ పోతుంది. నేను పాత ఫోనునే సొరుగులో ఛార్జింగ్‌లో పెట్టి ఓటీపీల డబ్బాలా వాడుకున్నాను. అలాగని పాత 2జీ కీప్యాడ్ ఫోను తీసుకెళ్తే లాభం లేదు, అక్కడ వాటికి నెట్‌వర్కులు దాదాపు పోయాయి.

అక్కడి నంబరు కోసం పిల్లల ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైను వేయించుకుంటే చాలు. కాంటాక్టులన్నీ ఇప్పుడే +91తో సేవ్ చేసుకోండి, ఏ దేశం నుంచైనా పోతుంది. ల్యాండ్‌లైన్ నుంచైతే 011, తర్వాత 91, తర్వాత నంబరు. ఈ 91 దగ్గర వేలు జారి 911 నొక్కితే అది అక్కడి పోలీసు, అంబులెన్సు నంబరు. తగిలితే కంగారుపడి పెట్టేయకండి, పొరపాటున నొక్కాను అని చెప్పండి. ఠక్కున పెట్టేస్తే వాళ్లు తిరిగి చేస్తారు, ఒక్కోసారి ఇంటికే వస్తారు.

పోస్టు సంగతికొస్తే, అపార్టుమెంట్లో మెయిల్‌బాక్స్ మీద గానీ లోపల గానీ మీ పేరు రాసిపెట్టమనండి. లేదా మీ పేరు కింద కేరాఫ్ అని అమ్మాయిదో అబ్బాయిదో పేరు వేయించండి. ఉండే గడువు పొడిగించమని దరఖాస్తు పెట్టుకుంటే రసీదు పోస్టులోనే వస్తుంది, ఆ పేరు ఇక్కడ లేదని పోస్టువాళ్లు వెనక్కి పంపేస్తే మళ్లీ తిరగాలి.

ఇండియాకి మామూలు ఉత్తరం వేయాలంటే గ్లోబల్ ఫరెవర్ అనే గుండ్రటి స్టాంపు ఒక్కటి చాలు, ఒక ఔన్స్ వరకు, అంటే దాదాపు 28 గ్రాములు. చివరి లైనులో ఇండియా అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయండి. నీలం డబ్బాలో వేయొచ్చు, లేదా విడి ఇల్లయితే మెయిల్‌బాక్స్‌లోనే పెట్టి పక్కనున్న ఎర్ర జెండా పైకెత్తితే పోస్టుమ్యాన్ తీసుకెళ్తాడు. తెనాలిలో ఉన్న మా అక్కకి అలా ఉత్తరం వేస్తే ఇప్పటికీ దాచుకుంది.

ఇండియా నుంచి తెప్పించుకునే పార్శిళ్లు మాత్రం తలనొప్పి. 800 డాలర్ల లోపు సరుక్కి అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు, అప్పుడు ఇండియా పోస్టు కొన్నాళ్లు అక్కడికి పార్శిళ్లు తీసుకోవడమే ఆపి అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టింది. కాబట్టి పంపే రోజున పోస్టాఫీసులో అడిగి పంపమని ఇక్కడివాళ్లకి చెప్పండి. బీపీ, షుగర్ మందులు పోస్టులో తెప్పించుకుందాం అనుకోవద్దు, కస్టమ్స్‌లో ఆగిపోతే చేసేదేం లేదు. ఉండే నెలలకి సరిపడా మందులు, ప్రిస్క్రిప్షన్ మీ చేతి సంచిలోనే పెట్టుకోండి.

తిరిగొచ్చేటప్పుడు అక్కడి లైను ఆపేయమని పిల్లలకి గుర్తుచేయండి. మేము మరిచిపోయాం, మూడు నెలలు బిల్లు కట్టారు.