పైథాన్ నుంచి ఓపెన్ పాలసీ ఏజెంట్‌ను వాడేటప్పుడు వచ్చే సమస్యలు - పరిష్కారాలు

ఎవరికి ఏ అనుమతి ఉందో తేల్చే నియమాలను ప్రోగ్రామ్ లోపల చెదురుమదురుగా రాయకుండా, ఓపెన్ పాలసీ ఏజెంట్ (ఓపా) వంటి ఇంజిన్‌కు అప్పగించడం మంచి పద్ధతి. నియమాలను ఓపా సొంత భాష అయిన రెగోలో రాస్తాము. పైథాన్ ప్రోగ్రామ్ హెచ్‌టీటీపీ ద్వారా, మామూలుగా 8181 పోర్టుకు, జేసన్ (కీ-విలువల జతలుగా డేటా రాసే పద్ధతి) రూపంలో ప్రశ్న పంపి జవాబు తీసుకుంటుంది. రెగోలో ఒక నియమానికి ట్రూ, ఫాల్స్‌లతో పాటు అన్‌డిఫైన్డ్, అంటే అసలు విలువే లేకపోవడం, అనే స్థితి కూడా ఉంటుంది. పైథాన్ వైపు కోడ్ రాసేవారు దీన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే కింద చెప్పబోయే చిక్కుల్లో చాలావాటికి మూలం.

సమస్య: స్టేటస్ 200 (అంతా సవ్యం) వస్తోంది, కానీ జవాబు ఖాళీ జేసన్, 'రిజల్ట్' కోసం వెతికితే పైథాన్ కీఎర్రర్ ఇస్తోంది.

అడిగిన నియమం అన్‌డిఫైన్డ్ అయినప్పుడు ఓపా దాన్ని తప్పుగా పరిగణించదు; 'రిజల్ట్' లేని జవాబును 200తోనే పంపుతుంది. ముందుగా చూడవలసింది చిరునామా. ప్యాకేజీ పేరు 'ఆఫీస్.ఫైల్స్', నియమం పేరు 'అలౌ' అయితే, చిరునామాలో 'వీ1/డేటా' తరువాత చుక్కల స్థానంలో స్లాష్‌లతో 'ఆఫీస్/ఫైల్స్/అలౌ' అని ఉండాలి. ఇక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చినా 404 ('దొరకలేదు') రాదు, ఇదే ఖాళీ జవాబు వస్తుంది. చిరునామా సరిగ్గా ఉంటే, పంపిన డేటాను చూడాలి. కమాండ్ లైన్‌లో నియమాన్ని సర్వర్ లేకుండా పరీక్షించే 'ఓపా ఎవాల్'కు ఇచ్చే ఇన్‌పుట్ ఫైలులో డేటా నేరుగా ఉంటుంది. సర్వర్‌కు పంపేటప్పుడు మాత్రం అదే డేటాను 'ఇన్‌పుట్' అనే కీ లోపల పెట్టాలి. కమాండ్ లైన్‌లో పనిచేసిన నియమం పైథాన్ నుంచి పనిచేయడం లేదని వాపోయే సందర్భాల్లో మొదట అనుమానించవలసింది ఈ తేడానే. కొత్త వెర్షన్లలో ఓపా ఈ లోపాన్ని జవాబులోనే 'వార్నింగ్' కింద చెబుతుంది, కాబట్టి పరీక్షించేటప్పుడు జవాబు మొత్తాన్ని ప్రింట్ చేసి చదవాలి. పైథాన్ నుంచి హెచ్‌టీటీపీ పిలుపులు పంపే రిక్వెస్ట్స్ లైబ్రరీలో 'డేటా' ఆర్గ్యుమెంట్‌తో కాక 'జేసన్' ఆర్గ్యుమెంట్‌తో పంపాలన్నది కూడా మరవకూడదు. రెగోలో 'అలౌ'కు డిఫాల్ట్‌గా ఫాల్స్ ఇవ్వడం అవసరమే, కానీ 'ఇన్‌పుట్' కీ మరిచిపోయినప్పుడు కూడా చక్కగా ఫాల్స్ వస్తుంది కనుక అసలు కారణం మరుగున పడుతుందని గుర్తుంచుకోవాలి.

సమస్య: ఎవరు అడిగినా అనుమతి దొరుకుతోంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఎక్కడా ఎర్రర్ కనిపించదు. నియమాన్ని కాకుండా ప్యాకేజీని అడిగితే, అంటే చిరునామా 'ఫైల్స్' దగ్గరే ఆగిపోతే, 'రిజల్ట్'గా ఒక డిక్షనరీ వస్తుంది. అందులో 'అలౌ' విలువ ఫాల్స్ అయినా, ఖాళీ కాని ఏ డిక్షనరీనైనా పైథాన్ 'ఇఫ్' నిజంగానే తీసుకుంటుంది. అందువల్ల జవాబును ఉత్త 'ఇఫ్'తో పరీక్షించకూడదు. 'గెట్'తో 'రిజల్ట్'ను తీసుకొని, అది 'ఈజ్ ట్రూ' అయితేనే అనుమతించాలి. అప్పుడు కీ లేకపోయినా, డిక్షనరీ వచ్చినా, జాబితా వచ్చినా అనుమతి దక్కదు.

చిరునామా సరిగ్గా ఉండి కూడా ఇలా జరుగుతుంటే, సంఖ్యల స్థానంలో స్ట్రింగులు వెళ్తున్నాయేమో చూడాలి. వెబ్ ఫారం నుంచి తీసుకున్న వయసు పైథాన్‌లో "16" అనే స్ట్రింగ్‌గానే ఉండి, అలాగే ఓపాకు వెళ్లిందనుకుందాం. రెగో రకాల క్రమంలో స్ట్రింగ్ ఎప్పుడూ సంఖ్యకంటే పెద్దది. కాబట్టి వయసు 18 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలన్న నియమాన్ని "16" దాటేస్తుంది. పంపేముందు పైథాన్‌లో 'ఇంట్'గా మార్చడంతో సరిపెట్టుకోకుండా, నియమంలోనే 'ఈజ్ నంబర్' పరీక్షను చేర్చడం మేలు, ఎందుకంటే రేపు అదే నియమాన్ని మరో ప్రోగ్రామ్ అడగవచ్చు.

సమస్య: గడువుకు సంబంధించిన నియమం పనిచేయడం లేదు.

పైథాన్ డేట్‌టైమ్ వస్తువు నేరుగా జేసన్‌గా మారదు కనుక చాలామంది 'ఐసోఫార్మాట్' వాడతారు. టైమ్‌జోన్ లేని డేట్‌టైమ్ నుంచి వచ్చిన "2025-03-01T10:00:00" వంటి స్ట్రింగ్ చూడటానికి బాగానే ఉంటుంది, కానీ సమయాన్ని రాసే ఆర్‌ఎఫ్‌సీ 3339 ప్రమాణం ప్రకారం చదివే రెగో ఫంక్షన్, స్ట్రింగ్ చివర యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)తో +05:30 వంటి తేడానో, జెడ్ అక్షరాన్నో తప్పనిసరిగా కోరుతుంది. అది లేకపోతే ఫంక్షన్ విఫలమై, ఎర్రర్ ఏమీ చూపకుండా నియమాన్ని అన్‌డిఫైన్డ్ చేస్తుంది. నియమం 'గడువు ఇంకా ఉంటే అనుమతించు' అని ఉంటే ఎవరికీ అనుమతి రాదు. 'గడువు దాటితే తిరస్కరించు' అని ఉంటే తిరస్కరణే జరగదు. ఈ కారణం వల్లనే అనుమతించే రూపంలో నియమాలు రాయడం శ్రేయస్కరమని నేను గట్టిగా నమ్ముతాను. పరిష్కారం తేలిక: డేట్‌టైమ్ సృష్టించేటప్పుడే యూటీసీనో, భారత కాలమానాన్నో జత చేయాలి. ఇటువంటి మౌన వైఫల్యాలను బయటపెట్టడానికి 'ఓపా ఎవాల్'కు 'స్ట్రిక్ట్ బిల్టిన్ ఎర్రర్స్' ఫ్లాగ్ ఇచ్చి నడపాలి.

సమస్య: ఓపా వెర్షన్ మార్చాక పాలసీ లోడ్ కావడం లేదు, లేదా డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను కంటెయినర్లుగా విడివిడిగా నడిపే సాధనం) కనెక్షన్ దొరకడం లేదు.

2024 డిసెంబరులో వచ్చిన 1.0 వెర్షన్ నుంచి నియమం శరీరానికి ముందు 'ఇఫ్', సెట్‌ను నిర్మించే నియమంలో 'కంటెయిన్స్' తప్పనిసరి అయ్యాయి. పాత ఫైళ్లను సవరించేంత వరకు 'వీ0 కంపాటిబుల్' ఫ్లాగ్‌తో నెట్టుకురావచ్చు. అదే వెర్షన్ నుంచి సర్వర్ డిఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్‌లో, అంటే తానున్న చోటి నుంచి వచ్చే పిలుపులను మాత్రమే, వినడం మొదలుపెట్టింది. అందుచేత వేరే కంటెయినర్‌లోని పైథాన్‌కు అది అందదు. 'అడ్రస్' ఫ్లాగ్‌తో 0.0.0.0:8181 ఇస్తే అందుతుంది, కానీ ఓపాలో ప్రామాణీకరణ డిఫాల్ట్‌గా ఉండదు కనుక ఆ పోర్టును బయటి నెట్‌వర్క్‌కు తెరవకూడదు. ఫైలు మార్చినా పాత జవాబే వస్తుంటే, సర్వర్‌ను 'వాచ్' ఫ్లాగ్ లేకుండా నడిపి ఉంటారు.

సమస్య: కొందరు వినియోగదారుల విషయంలో మాత్రమే 500 స్టేటస్ (సర్వర్ లోపం) వస్తోంది.

ఒకే పేరుగల రెండు నియమాలు ఒకే ఇన్‌పుట్‌కు వేర్వేరు విలువలు ఇస్తున్నాయి. ఒక ఉద్యోగి మేనేజరుగానూ, ఆడిటరుగానూ ఉన్నప్పుడు 'స్థాయి' అనే నియమం ఒకచోట 2, మరొకచోట 3 ఇస్తే ఓపా వాటిలో ఒకదాన్ని ఎంచుకోదు, ఆ ప్రశ్నకు ఎర్రర్ ఇస్తుంది. ప్రాధాన్యం ఉంటే 'ఎల్స్' గొలుసుగా, రెండూ కావాలంటే సెట్‌గా రాయాలి.

సమస్య: ఓపా ఆగిపోతే పైథాన్ ప్రోగ్రామ్ కూడా నిలిచిపోతోంది.

రిక్వెస్ట్స్ లైబ్రరీకి డిఫాల్ట్ టైమౌట్ లేదు, కాబట్టి ప్రతి పిలుపుకూ టైమౌట్ ఇవ్వాలి. సమయం మించినా, కనెక్షన్ తెగినా, 200 కాని స్టేటస్ వచ్చినా అనుమతి నిరాకరించి, ఆ కారణాన్ని లాగ్‌లో వేరుగా రాయాలి. లేకపోతే నియమం కాదన్నదో, ఇంజిన్ అందలేదో తరువాత చూసేవారికి తెలియదు.