ముసురు పట్టకముందే: డెల్టా ఇళ్లలో టరాన్చులాలు పెంచేవారికి జాగ్రత్తలు

టరాన్చులాల, అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్ల పెంపకం గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం చలిదేశాల వాళ్లు రాసుకున్నవి. అక్కడ ఇల్లంతా హీటర్లతో వెచ్చబెట్టుకుంటారు, గాలి పొడిబారిపోతుంది. అందుకే డబ్బా కింద హీట్ మ్యాట్ పెట్టండి, రోజూ నీళ్లు చిలకరించండి అంటారు. అమలాపురంలోనో రాజోలులోనో నరసాపురంలోనో ఆగస్టు ముసురులో ఆ మాట వింటే సాలీడును చేజేతులా చంపుకున్నట్టే. మన దగ్గర తేమకు కొదవ లేదు, కొదవల్లా గాలికే. దానికి తోడు దోమల మందు, చీమలు, వరద. ఈ నాలుగింటికీ ఏర్పాట్లు రోహిణి కార్తెలోనే, ఎండ ఉండగానే అయిపోవాలి. మృగశిర దాటాక మొదలుపెడితే సగం పనులు కుదరవు.

ముందు మీ డబ్బాలో ఉన్నది ఏ రకమో తేల్చుకోండి

అమెరికా ఖండాల నుంచి వచ్చిన బ్రాకీపెల్మా, గ్రామోస్టోలా వంటివి నెమ్మది రకాలు. కాటు కంటే వాటి పొట్ట మీది నూగుతో ఇబ్బంది ఎక్కువ. బెదిరితే వెనక కాళ్లతో ఆ నూగును రాల్చి గాల్లోకి వదులుతాయి. చర్మానికి దురద, కంట్లో పడితే పెద్ద సమస్య. డబ్బా శుభ్రం చేసేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాల్సిందే.

మన దేశానికి చెందిన పొయెసిలోథీరియా, చైలోబ్రాకిస్ రకాలకు ఆ నూగు లేదు. వాటికున్నవి వేగం, కోరలు. పొయెసిలోథీరియా కాటుతో మనుషులు చనిపోయినట్టు నమోదు కాలేదు గానీ, కండరాలు మెలిపెట్టే నొప్పులు తీవ్రంగా వస్తాయి. ఆ నొప్పులు కాటు పడిన వెంటనే కాక కొన్ని గంటల తర్వాత మొదలై, రోజుల తరబడి వచ్చిపోతూ ఉండొచ్చు. కాటు వేశాక ఓ గంట గడిచి ‘ఏం కాలేదులే’ అనుకుని ఒంటరిగా పడుకోవడం అందుకే ప్రమాదం.

బ్లాక్ విడో, రెడ్‌బ్యాక్ లాంటి లాట్రొడెక్టస్ రకాలను (ఇవి టరాన్చులాలు కావు) మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దనే చెబుతాం. ఒక్క గుడ్ల సంచిలోంచి వందల పిల్లలు వస్తాయి, వాటికి ఆవగింజంత సందు చాలు. విషం నరాల మీద పనిచేస్తుంది. ఇక్కడి ఆసుపత్రుల్లో దానికి విరుగుడు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

కాగితాల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. పొయెసిలోథీరియా ప్రజాతి మొత్తం 2019లో సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో చేరింది. 2022లో సవరించిన వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం సైటిస్ జాబితాలోని ప్రాణి ఇంట్లో ఉంటే నమోదు చేయించాలి. 2024 నిబంధనల తర్వాత ఆ పని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో జరుగుతోంది. పిల్లలు పెట్టినా, చేతులు మారినా, చచ్చినా తెలియజేయాలి. సందేహముంటే జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో అడగండి, అమ్మేవాడి మాట నమ్మొద్దు. పాపికొండలు, మారేడుమిల్లి వైపు సరదాగా వెళ్లి చెట్టు తొర్రలో ఉన్నదాన్ని పట్టి తెచ్చుకునే ఆలోచన ఉంటే మానుకోండి. మన రాష్ట్రానికే ప్రత్యేకమైన నీలం టరాన్చులా పొయెసిలోథీరియా మెటాలికాను 1899లో గుత్తిలో దొరికిన నమూనాతో వర్ణించారు. ఇప్పుడది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో మిగిలింది, అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితాలో ఉంది. కారణాల్లో పెంపకందార్ల కోసం పట్టి అమ్మడమూ ఒకటి.

కొబ్బరి పొట్టు మేలోనే ఎండాలి

సబ్‌స్ట్రేట్‌కు, అంటే డబ్బా అడుగున పరిచేదానికి, కొబ్బరి పొట్టును మించింది లేదు. కోనసీమలో దానికి వెతుక్కోనక్కర్లేదు కూడా. అయితే పీచు పరిశ్రమల దగ్గర గుట్టలుగా పడి ఉన్న పొట్టులో ఉప్పు ఎక్కువ ఉండొచ్చు, నానా పురుగులూ చేరి ఉంటాయి. కడియం నర్సరీల్లో దొరికే ఇటుకలు నయం. కానీ ఎరువు, వేపపిండి, ఫంగస్ మందు కలపని ఉత్త కోకోపీట్ అని అడిగి మరీ తీసుకోవాలి.

650 గ్రాముల ఇటుకకు సుమారు 4 లీటర్ల నీళ్లు పోసి నానబెట్టండి. ఎనిమిది, తొమ్మిది లీటర్ల దాకా పొంగుతుంది. పాత పంచెలో మూటగట్టి పిండి, మళ్లీ మంచినీళ్లు పోసి పిండి, ఇలా మూడుసార్లు చేస్తే ఎర్రటి రసం పలచబడుతుంది, ఉప్పూ పోతుంది. తర్వాత డాబా మీద పలచగా పరిచి రెండు రోజులు బాగా ఎండనిచ్చి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో దాచండి. జులైలో బూజు పట్టిన డబ్బాను ఖాళీ చేయాల్సివస్తే అప్పటికప్పుడు పొట్టు ఎండబెట్టడానికి ఎండ ఉండదు. ఈ పని ముందే చేయమనేది అందుకే.

వాడేటప్పుడు గుప్పెట్లో పట్టి పిసికి చూడండి. ముద్దగా నిలవాలి, వేళ్ల సందుల్లోంచి ఒక్క చుక్కా రాలకూడదు. చుక్క పడిందంటే తడి ఎక్కువైనట్టే. వానాకాలంలో అంతకంటే పొడిగా ఉన్నా నష్టం లేదు, పై అంగుళం మేర పొడిగా ఉండటమే మేలు. చిలకరించడం పూర్తిగా ఆపేయండి. సీసా మూతంత గిన్నెలో మంచినీళ్లు ఉంటే చాలు, రెండు రోజులకోసారి కడిగి నింపాలి.

గాలి సంగతి అంతకన్నా ముఖ్యం. పైన మూతకు మాత్రమే రంధ్రాలున్న డబ్బా ముసురు రోజుల్లో ఇడ్లీ పాత్రే. ఎదురెదురు గోడలకు, ఒకవైపు కిందగా, రెండోవైపు పైగా సోల్డరింగ్ ఐరన్‌తో 2 మిల్లీమీటర్ల రంధ్రాలు పెడితే గాలి అడ్డంగా ఆడుతుంది. ఇదంతా సాలీడు లోపల లేనప్పుడే చేయాలి, ప్లాస్టిక్ కాలిన వాసన పూర్తిగా పోయాకే దాన్ని లోపల పెట్టాలి. మూతకు ఇనుప జల్లెడ వద్దు. పాకేటప్పుడు కాలి గోళ్లు అందులో ఇరుక్కుని కాళ్లు తెగుతాయి. నేల మీద ఉండే రకాలకు మట్టికీ మూతకూ మధ్య ఎత్తు సాలీడు కాళ్ల చాపుకు (చాచిన కాళ్ల కొస నుంచి కొసకు ఉండే కొలత) ఒకటిన్నర రెట్లు మించకూడదు. అంత పొట్టతో పైనుంచి పడితే పగిలి చచ్చిపోతుంది. చెట్లెక్కే పొయెసిలోథీరియాకు మాత్రం ఎత్తు కావాలి: పెద్దదానికి 30×30×45 సెంటీమీటర్ల డబ్బా, నిలువుగా ఆనించిన బెరడు ముక్క.

మేత మిగలకూడదు. పెద్ద సాలీడుకు వారం, పది రోజులకోసారి దాని పొట్ట కంటే చిన్నదైన కీచురాయో, పెంచిన బొద్దింకో చాలు. తినకపోతే 24 గంటల్లో తీసేయండి. తిని పారేసిన పిప్పి తడి డబ్బాలో ఒక్క రాత్రిలో బూజు పడుతుంది. దాని వెనకే తెల్ల నల్లులు, చిన్న ఈగలు వస్తాయి. రంధ్రాల మీద బయటివైపు ఓణీ గుడ్డ లాంటి సన్నటి నేత బట్ట అంటిస్తే ఈగలు ఆగుతాయి, దోమతెర కన్నాల్లోంచి అవి దూరిపోతాయి. నోటి దగ్గర తెల్లటి జిగురు కనబడి, మేత ముట్టకుండా ఉంటే ఆ డబ్బాను మిగతావాటికి దూరంగా వేరే గదిలో పెట్టండి. దానికి వాడిన పట్టకారు మరోదానికి వాడొద్దు.

దోమల మందు, చీమల మందు

డెల్టా ఇళ్లలో సాలీళ్లకు అన్నింటికంటే పెద్ద గండం ఇదే. కాయిల్, ప్లగ్‌కు పెట్టే లిక్విడ్, దోమల అగరుబత్తి, చీమలకు గీసే చాక్‌పీసు, బొద్దింకల స్ప్రే: వీటిలో ఎక్కువ వాటిలో పైరెత్రాయిడ్ మందులే ఉంటాయి. పురుగుల నరాలను దెబ్బతీసే మందు సాలీడు నరాలనూ వదలదు. మందు తగిలిన సాలీడు నడక తడబడుతుంది, కాళ్లు అదే పనిగా వణుకుతాయి, వెల్లకిలా పడి తిరగబడలేదు. విరుగుడు లేదు. వెంటనే మందు లేని గాలి ఆడే గదికి మార్చి, పొట్టు తీసేసి తడి టిష్యూ మీద ఉంచి, మంచినీళ్లు అందుబాటులో పెట్టి చూడటమే.

కాబట్టి సాలీళ్లున్న గదిలో ఎవరైనా పడుకుంటే దోమతెర కట్టుకోవాలి, మందు వాడకూడదు. పంచాయతీ లేదా మునిసిపాలిటీ పొగ బండి వస్తుందని తెలిస్తే కిటికీలు మూసి డబ్బాలను లోపలి గదికి మార్చండి. పొగ పూర్తిగా పోయాకే తలుపులు తీయండి. పొలంలో మందు కొట్టివచ్చినవాళ్లు స్నానం చేసి బట్టలు మార్చుకోకుండా డబ్బా ముట్టకూడదు. వరి చేలో పట్టిన మిడతలు, ఇంట్లో దొరికిన బొద్దింకలు మేతగా వేయడం కూడా ఈ కారణంగానే ప్రమాదం.

మరి చీమలను ఎలా ఆపాలి? వాన పడగానే అవి ఇంట్లోకి బారులు తీరతాయి, కుబుసం విడుస్తున్న సాలీడును కుప్పలుగా కమ్మేస్తాయి. బల్ల నాలుగు కాళ్లనూ నీళ్ల గిన్నెల్లో పెట్టే మన పాత పద్ధతే పనికొస్తుంది. గిన్నెల్లో రెండు చుక్కల సబ్బు నీళ్లు వేస్తే చీమ తేలకుండా మునుగుతుంది. బల్ల గోడకు ఆనకూడదు, కరెంటు వైరు గానీ కర్టెన్ గానీ తగలకూడదు. ఆ ఒక్క దారి చాలు వాటికి. దోమలు పుట్టకుండా వారానికి రెండుసార్లు ఆ నీళ్లు మార్చాలి.

కుబుసం రోజుల్లో

మేత మానేసి, పొట్ట నున్నగా నల్లబడి, గూటి ద్వారానికి పట్టు అల్లుకుందంటే కుబుసం దగ్గర పడినట్టు. వెల్లకిలా పడుకుంటుంది. కొత్తగా పెంచేవాళ్లు చచ్చిపోయిందనుకుని కర్రతో కదుపుతారు, అది నిజంగానే చంపడం. చచ్చే సాలీడు సాధారణంగా వెల్లకిలా కాక బోర్లానే ఉండి కాళ్లు కడుపు కిందికి ముడుచుకుంటుంది. కుబుసం విడిచిన వెంటనే కోరలు పాలపంటిలా తెల్లగా, మెత్తగా ఉంటాయి. తర్వాత ఎర్రబడి చివరకు నల్లబడతాయి. నల్లబడేదాకా, అంటే పెద్దవాటికి కనీసం పది రోజులు, మేత వేయొద్దు. ఆ మెత్తని కోరలతో కీచురాయిని కరిస్తే కోర వంగుతుంది, కొన్నిసార్లు కీచురాయే దాన్ని కొరుకుతుంది.

డబ్బా తెరిచేటప్పుడు, కాటు పడినప్పుడు

చేతిలోకి తీసుకోవద్దు, ఏ రకాన్నయినా. అడుగు పొడవు పట్టకారు, మెత్తటి పెయింటింగ్ బ్రష్, పారదర్శకమైన పట్టే కప్పు, దాని కింద తోసే గట్టి అట్ట దగ్గర పెట్టుకున్నాకే మూత తీయండి. పెంకుటింట్లో, తాటాకింట్లో ఈ పని పెట్టుకోకండి, పారిపోతే దూలాల్లో వెతకలేరు. బాత్రూంలో కిటికీ మూసి, నీళ్లు పోయే జాలికి గుడ్డ కుక్కి, తలుపు కింద సందుకు తడి తువ్వాలు పరిచి, పెద్ద బట్టల టబ్బులో డబ్బా పెట్టి తెరవాలి. ముందున్న కాళ్లు పైకెత్తి కోరలు చూపిస్తే పని ఆపి మూత పెట్టేయండి, రేపు చేసుకోవచ్చు. ఇంట్లో రెండో మనిషి ఉండి తీరాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో డబ్బాలకు తాళం ఉండాలి.

కాటు పడితే సబ్బుతో కడిగి, ఉంగరాలు, గాజులు తీసేసి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, ఆ చెయ్యి కదలకుండా ఉంచండి. కట్టు బిగించడం, కోసి రక్తం పీల్చడం, పసరు పూయడం వద్దు. కాటు పడిన సమయం రాసుకోండి. కండరాలు పట్టేసినా, ఛాతీలో నొప్పి, ఆయాసం, వాంతులు వచ్చినా 108కి ఫోన్ చేయండి. సాలీడు శాస్త్రీయ నామం తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసిన చీటీ డబ్బా మీద ఎప్పుడూ అతికించి ఉండాలి. అది డాక్టరుకు చూపించండి. పాము కాటుకు ఇచ్చే యాంటీవీనం సాలీడు విషం మీద పనిచేయదు, కంగారులో అది ఎక్కించమని మీరే అడగొద్దు. నూగు చర్మం మీద పడితే సెల్లోటేపు అతికించి లాగండి. కంట్లో పడితే నలపకుండా నీళ్లతో కడిగి నేరుగా కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

వరద

లంక గ్రామాల్లో, ఏటిగట్టు లోపల ఉండేవాళ్లు ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కుల మొదటి హెచ్చరిక దాకా ఆగితే ఆలస్యమే. కనకాయలంక లాంటి కాజ్‌వేలు అంతకు ముందే మునుగుతాయి. భద్రాచలం మీద కన్నేయండి. అక్కడ గోదావరి నీటిమట్టం 43 అడుగులకు వచ్చిందంటే సాలీళ్లను మోసుకెళ్లే కప్పులు కడిగి సిద్ధం చేయాలి, 48కి సర్దేయాలి. వరద ఆగస్టులోనే వస్తుందనుకోవద్దు. 2022లో జులైలోనే ధవళేశ్వరం దగ్గర 25 లక్షలు దాటింది.

ఒక్కో సాలీడుకు ఒక్కో కప్పు, కాళ్ల చాపు కంటే కాస్తే పెద్దది. ఎక్కువ జాగా ఉంటే కుదుపులకు దొర్లి దెబ్బ తింటుంది. తడిపి పిండిన టిష్యూ అడుగున, చుట్టూ రంధ్రాలు, మూతకు టేపు, పైన పేరు. బయలుదేరే ముందు వారం రోజులు మేత వేయకపోయినా పెద్ద సాలీడుకు ఏమీ కాదు, నీళ్లు అందితే చాలు. కప్పుల మధ్య కాగితం కుక్కి అన్నింటినీ ఒక థర్మాకోల్ పెట్టెలో పెట్టండి, పెట్టెకూ గాలి రంధ్రాలుండాలి. పడవలో నీడన ఉంచండి. పునరావాస శిబిరంలో పెట్టె తెరవకూడదు, అసలు శిబిరానికే తేకుండా ముంపు లేని ఊళ్లో ఎవరింట్లోనైనా ముందే మాట్లాడి అక్కడ దింపడం ఉత్తమం. మోసుకెళ్లలేకపోతున్నామని గట్టు మీద వదిలేయడం మాత్రం నేరం కిందకే వస్తుంది, పాములూ తేళ్లూ గట్టెక్కే ఆ రోజుల్లో జనానికి ఇంకో భయం.

నీళ్లు తీశాక డబ్బాలను వెంటనే ఇంటికి తేవద్దు. పంచాయతీ వాళ్లు బ్లీచింగ్ చల్లుతారు, దోమల మందు కొడతారు. గోడల చెమ్మ ఆరి, ఆ వాసన పూర్తిగా పోయి, చీమల గిన్నెలు మళ్లీ పెట్టుకున్నాకే పెట్టె తెరిచి, ఎండబెట్టి దాచిన పొట్టుతో కొత్తగా డబ్బాలు సర్దండి.