నేపాల్ భూకంప పునర్నిర్మాణ పనులకు స్వచ్ఛందంగా వెళ్లేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

నేపాల్ కొండ ఊళ్లలో భూకంపానికి కూలిన ఇళ్లను తిరిగి కట్టే పనికి స్వచ్ఛందంగా బయలుదేరేవారు, ముందుగా తమకు ఏ పని వచ్చో, ఏది రాదో నిజాయితీగా తేల్చుకోవాలి. 2015 ఏప్రిల్ 25న గోర్ఖా జిల్లా బార్పాక్ దగ్గర 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో దాదాపు 9,000 మంది మరణించారు. 2023 నవంబరు 3 రాత్రి జాజర్‌కోట్ ప్రాంతంలో 150 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా పల్లెల్లో ఎక్కువగా కూలినవి మట్టి అడుసుతో పేర్చిన రాతి గోడలే.

అందువల్ల తాపీ పని రానివారు గోడ జోలికి పోకపోవడమే మేలు. డకర్మి (అక్కడ మేస్త్రీని అలా పిలుస్తారు) చెప్పినట్టు ఇసుక జల్లించడం, రాళ్లు అందించడం, సిమెంటు పనికి కనీసం వారం పాటు నీళ్లు పట్టడం వంటి పనులు చిన్నవేమీ కావు. పని తెలిసినవారు మాత్రం కొన్నిటిని కనిపెట్టి చూడాలి. గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడవాటి రాళ్లు మధ్యమధ్యలో పడకపోతే, గోడ రెండు పొరలుగా విడిపోయి, కుదుపు రాగానే పొట్ట ఉబ్బి కూలుతుంది. కిటికీల అడుగున, లింటెల్ మట్టంలో, పైకప్పు కింద గోడలన్నిటినీ చుట్టి వచ్చే పట్టీ ఏ మూలలోనూ తెగకూడదు. పట్టీలోని కడ్డీలను చుట్టి పట్టుకునే ఇనుప రింగుల కొనలను 135 డిగ్రీల దాకా లోపలికి వంచాలి; 90 దగ్గర ఆపేస్తే కుదుపులో విచ్చుకుంటాయి. మన ఊళ్లలోనూ పని ఎగ్గొట్టేది సరిగ్గా ఇక్కడే.

2015 తర్వాత అక్కడి ప్రభుత్వం ఇంటికి 3 లక్షల నేపాలీ రూపాయల సాయాన్ని, ఇంజినీరు ఒక్కో దశను పరిశీలించాకే విడతలుగా ఇచ్చింది. ఇలాంటి పద్ధతి ఉన్నచోట మీరు హడావిడిగా లేపిన గోడ తనిఖీలో తప్పితే, ఆ కుటుంబానికి రావలసిన తర్వాతి విడత ఆగిపోతుంది.

శిథిలాలను పైనుంచి కిందికి తొలగించాలే తప్ప, అడుగు రాళ్లను లాగకూడదు. బీటలు వారిన ఇంట్లో సామాను కోసమైనా అడుగు పెట్టకండి: 2015లో మొదటి భూకంపం వచ్చిన 17 రోజులకు, మే 12న, 7.3 తీవ్రతతో మరొకటి వచ్చింది. తవ్వేటప్పుడు రేకు పెట్టె గానీ, తడిసిన కాగితాల కట్ట గానీ కనిపిస్తే చెత్తలో వేయక ఇంటివారి చేతికివ్వండి. అందులో లాల్‌పుర్జా, అంటే భూమి పట్టా, ఉండవచ్చు. సాయం అందడానికి కూడా ఆ కాగితం అవసరపడింది.

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా వానలకు కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి కనుక, ఆ నెలల్లో ప్రయాణం పెట్టుకోకండి. దశైం (మన దసరా) పండుగ రోజుల్లో పనివారు దొరకరు. గట్టి బూట్లు, తోలు చేతి తొడుగులు, హెల్మెట్, ఎన్95 మాస్కులు ఇక్కడి నుంచే తీసుకువెళ్లండి. ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్-ఏ టీకాల గురించి నెల ముందే వైద్యుణ్ణి అడగండి. ప్రయాణ బీమా నిర్మాణ పనిలో తగిలే గాయాలకు, హెలికాప్టర్ తరలింపుకు వర్తిస్తుందో లేదో పాలసీలో చదివి తెలుసుకోండి. చాలా పాలసీలు కూలి పనిని మినహాయిస్తాయి. భారతీయులకు వీసా అక్కరలేదు గానీ, విమానంలో వెళ్లే పెద్దలకు పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు ఉండాలి. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వారికి ఆధార్ ఒక్కటే ఉంటే సరిపోదు.